బెన్ హంట్‌ని ఇక వదిలేయండి

ఆస్ట్రేలియాలో మా బ్రిస్బేన్‌లో 2015 రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్) గురించి ఎవర్నైనా కదిపి చూడండి, రెండో మాటకే అప్పుడు మా బ్రిస్బేన్ బ్రాంకోస్ టీముకి ఆడిన బెన్ హంట్ పేరు వచ్చేస్తుంది. "బాల్ వదిలేశాడు కదా" అంటారు. అప్పటికి పాలబుగ్గలతో ఉన్న పిల్లలు కూడా ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ క్లిప్ చూసి అదే మాట అంటారు. ఆ ఒక్క బాల్ పట్టుంటే కప్పు మనదే అని అప్పట్నుంచీ వింటూనే ఉన్నా, కాదు మహాప్రభో అని వాదిస్తూనే ఉన్నా, మా ఆవిడైతే ఈ టాపిక్ మొదలెట్టగానే "మళ్ళీనా" అని లేచి వెళ్ళిపోతుంది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. నేననేది ఒకటే. ఆ మ్యాచ్‌ని హంట్ ఓడగొట్టలేదు. బాల్ అతని చేతుల్లోకి రాకముందే మావాళ్ళు ఆ మ్యాచ్‌ని సగం పోగొట్టుకున్నారు, అదీ అందరి కళ్ళముందే, కాకపోతే మెల్లగా పోయింది కాబట్టి ఎవరికీ కనపడలేదు.

రగ్బీ తెలీనివాళ్ళకి కాస్త చెప్పాలి, తెలిసినవాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఇక్కడ రగ్బీలు రెండు. పదిహేను మందితో ఆడేది యూనియన్, పదమూడు మందితో ఆడేది లీగ్. క్వీన్స్‌లాండ్ (మా బ్రిస్బేన్ ఉన్న రాష్ట్రం), న్యూ సౌత్ వేల్స్ (సిడ్నీ ఉన్న రాష్ట్రం) జనం పిచ్చెక్కిపోయేది లీగ్‌కి. బాల్ చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి. ఆరుసార్లు పట్టుకుని పడేస్తే (ఈ పడేయడాన్నే ట్యాకిల్ అంటారు) బాల్ అవతలివాళ్ళకి ఇచ్చేయాలి, అందుకే ఐదోసారి పడ్డాక మామూలుగా కాలితో దూరంగా తన్నేస్తారు. అవతలి గీత దాటి బాల్ నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. దాని తర్వాత పోల్స్ మధ్యనుంచి తన్నితే కన్వర్షన్, ఇంకో రెండు. పెనాల్టీ గోల్ రెండు. ఆట మధ్యలో బాల్ నేలకి తగిలించి తన్ని పోల్స్ దాటిస్తే ఫీల్డ్ గోల్, మామూలుగా ఒకటి. మొత్తం ఎనభై నిమిషాలు. ఈ లెక్కలో ఒక విషయం గుర్తుపెట్టుకోండి: నాలుగు పాయింట్ల లీడ్ అంటే ఒక్క ట్రైకి సమం, కన్వర్షన్ కూడా పడితే ఓటమి. అంటే నాలుగు పాయింట్ల లీడ్ అసలు లీడే కాదు.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. 2015 అక్టోబర్ 4, ఆదివారం, సిడ్నీ ఒలింపిక్ పార్క్ స్టేడియం, 82,758 మంది జనం. చరిత్రలో మొదటిసారి ఫైనల్లో రెండూ క్వీన్స్‌లాండ్ టీములే, సిడ్నీవాళ్ళు తమ ఊళ్ళో తమ గ్రౌండ్లో ప్రేక్షకుల్లా కూర్చోవాల్సి వచ్చింది (అది మాత్రం మాకు భలే సరదా). ఒకవైపు మా బ్రిస్బేన్ బ్రాంకోస్. 1988లో పుట్టిన క్లబ్బు, అప్పటికి ఆరు గ్రాండ్ ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచింది: 1992, 93, 97 (విడిగా నడిచిన సూపర్ లీగ్‌లో), 98, 2000, 2006. అసలు ఫైనల్లో ఓడిపోవడం ఎలా ఉంటుందో తెలీని టీము. ఆ ఆరు కప్పులూ గెలిపించిన వేన్ బెన్నెట్ అదే ఏడాది మళ్ళీ కోచ్‌గా తిరిగొచ్చాడు, కెప్టెన్ జస్టిన్ హాడ్జెస్‌కి అది ఆఖరి మ్యాచ్. ఇంకోవైపు నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్, బ్రిస్బేన్‌కి ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న టౌన్స్‌విల్ వాళ్ళ టీము. 1995లో లీగ్‌లోకొచ్చారు, 2005లో ఒకసారి ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయారు, కప్పు మొహం చూడలేదు. కానీ వాళ్ళకి జొనాథన్ థర్స్టన్ ఉన్నాడు.

టౌన్స్‌విల్ హాస్పిటల్లో పనిచేసే మన గుంటూరు డాక్టర్ ఫ్రెండ్ ఒకడున్నాడు, అక్కడికి వెళ్ళిన ఏడాదికే కౌబాయ్స్ భక్తుడైపోయాడు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి "మీ పెద్దరికం ఇవాళ్టితో సరి" అన్నాడు. నవ్వేశా.

మొదటి సగం నిజంగా మంచి ఆట. ఓట్స్ మొదట్లోనే ట్రై వేశాడు, మావాళ్ళు ముందుకెళ్ళారు, తర్వాత ఓనీల్, టమూ ట్రైలతో కౌబాయ్స్ దాటేశారు, జాక్ రీడ్ ట్రైతో మళ్ళీ మేం పైకొచ్చాం. హాఫ్ టైంకి 14-12. అంతా పరుగులే, ఊపిరి తీసుకోడానికి లేదు. రెండో సగంలో? కోరీ పార్కర్ ఒక పెనాల్టీ గోల్ కొట్టాడు, 16-12 అయింది. అంతే. ఆ సగం మొత్తానికి మావాళ్ళు సంపాదించింది ఆ రెండు పాయింట్లే. ఆఖరి క్షణాల దాకా స్కోర్ బోర్డు కదల్లేదు, మేమందరం దాన్ని చూసి "డిఫెన్స్ చూడరా డిఫెన్స్" అని మురిసిపోయాం. చేతిలో ఉన్న నాలుగు రూపాయల్ని పిడికిలి బిగించి పట్టుకుని సంతలో నిలబడ్డట్టు నిలబడ్డారు మావాళ్ళు, అది పొదుపు అనుకున్నాం.

ఇక చివరి ఆట గురించి ఆస్ట్రేలియాలో చాలామందికి కంఠతా వచ్చు. సైరన్ మోగే వేళకి బాల్ కౌబాయ్స్ దగ్గరుంది. థర్స్టన్ ఇటు తిరిగి అటు తిరిగి పట్టుకోడానికొచ్చినవాళ్ళని తప్పించుకుని మైకేల్ మోర్గన్‌కి ఇచ్చాడు, మోర్గన్ కుడివైపు దూసుకెళ్ళి పట్టుబడుతూ పట్టుబడుతూనే ఒంటి చేత్తో ఓ చిన్న విదిలింపు విదిలించాడు, బాల్ కైల్ ఫెల్ట్ చేతిలో పడింది, ఫెల్ట్ మూలలో ట్రై. 16-16. ఇప్పుడు థర్స్టన్ కన్వర్షన్ తన్నాలి, అదీ కుడివైపు టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత) పక్కనుంచి, కుడికాలితో తన్నేవాడికి అది కష్టమైన పక్క. తన్నాడు. బాల్ వంకర తిరిగి వెళ్ళి పోల్‌కి కొట్టుకుని బయటికొచ్చింది. మేమున్న ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళు అందరూ సోఫాలెక్కి గెంతారు.

ఆ తర్వాతే గోల్డెన్ పాయింట్, అంటే ఎవరు ముందు ఒక్క పాయింటు కొడితే వాళ్ళదే కప్పు. కౌబాయ్స్ బాల్ తన్నారు, అది గాల్లో వెళ్ళి మా గీతకి దగ్గర్లో హంట్ మీదికి దిగింది, హంట్ చేతుల్లోంచి జారింది. కౌబాయ్స్‌కి మా ముంగిట్లోనే బాల్ దొరికింది, 83వ నిమిషంలో థర్స్టన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 17-16. హంట్ మోకాళ్ళ మీద కూలబడిపోయిన ఫోటో మర్నాడు అన్ని పేపర్లలోనూ ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న. థర్స్టన్ తన్నిన ఆ కన్వర్షన్ పోల్‌కి తగలకుండా జానెడు లోపల్నుంచి వెళ్ళుంటే ఏమయ్యేది? 18-16తో అప్పటికప్పుడే ఓడిపోయేవాళ్ళం. గోల్డెన్ పాయింట్ లేదు, హంట్ లేడు, జారిన బాల్ లేదు. అంటే హంట్ బాల్ పట్టకపోవడం వల్ల ఓడిపోయాం అనేవాళ్ళు, ఆ పోల్ పుణ్యమా అని మాకు ఊరికే వచ్చిన రెండో ఛాన్స్‌ని మా సొంత ఆస్తి అనుకుంటున్నారు. అది అరువు. ఇంకో లెక్క చూడండి: ఆ మ్యాచ్‌లో కౌబాయ్స్ ట్రైలు మూడు, మావి రెండు. పార్కర్ తన్నిన నాలుగూ పోల్స్ మధ్యనుంచే వెళ్ళాయి, థర్స్టన్ మూడు కన్వర్షన్లలో ఒకటి పోయింది. కాలితో మేం అన్నీ సరిగ్గా చేశాం కాబట్టి ఒక్క పాయింటు తేడాకి వచ్చింది గానీ, గీత దాటడంలో వాళ్ళే మెరుగు. ఈ మాట అప్పట్లో అన్నందుకు మా గ్రూపులో నన్ను టౌన్స్‌విల్ ఏజెంట్ అన్నారు.

హంట్ పట్టుకునేవాడే అనుకుందాం. అప్పుడైనా ఏముంది? మా గీత దగ్గర్నుంచి ఐదు ట్యాకిల్స్ కొట్టుకుంటూ రావాలి, అలిసిపోయిన కాళ్ళతో, మధ్య గీత దాటితే గొప్ప, ఆ తర్వాత తన్నేస్తే బాల్ మళ్ళీ థర్స్టన్ టీముకే. గెలిచేవాళ్ళమేమో, కాదనను. కానీ "గెలిచేసినట్టే" అని ఎలా అంటారు?

రూలు మీద తప్పు తోసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు సగం ఏకీభావమే. ఏడాదంతా ఆడిన ఆటని ఫైనల్లో మూడు నిమిషాల్లో ఒక్క ఫీల్డ్ గోల్‌తో తేల్చేయడం నాకూ నచ్చలేదు, లీగ్ పెద్దలకీ నచ్చలేదు కాబోలు, 2016 నుంచి ఫైనల్స్‌లో (గ్రాండ్ ఫైనల్‌తో సహా సీజన్ చివరి మ్యాచ్‌లు) సమమైతే ఐదేసి నిమిషాల చొప్పున పది నిమిషాలు పూర్తిగా ఆడించి, అప్పటికీ తేలకపోతేనే గోల్డెన్ పాయింట్ అని మార్చారు. మన క్రికెట్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే 2019 వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుచేసుకోండి, లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ రెండూ 241, సూపర్ ఓవర్లో రెండూ 15, చివరికి 26-17 అని బౌండరీలు లెక్కపెట్టి కప్పిచ్చారు, ఆ తర్వాత ఆ రూలే ఎత్తేశారు. న్యూజిలాండ్‌కి జరిగింది అన్యాయమే, ఎందుకంటే వాళ్ళు సమం చేశాక ఓడారు. మాకు జరిగింది వేరు. మాకు సమం కావాల్సిన అవసరమే లేదు, చివరి క్షణాల దాకా ముందున్నాం. రూలు దాకా తెచ్చుకున్నది మేమే.

లీడ్‌లో ఉన్న టీము ఏం చేస్తుందో లీగ్ చూసేవాళ్ళందరికీ తెలుసు. బాల్ జారకూడదని పక్కకి పాస్‌లు తగ్గిస్తుంది. లావుపాటి ఫార్వర్డ్ ఒకడు బాల్ పట్టుకుని నేరుగా గోడకి గుద్దుకుంటాడు, పడతాడు, లేస్తాడు, ఇంకొకడు అదే చేస్తాడు, ఐదోదానికి తన్నేస్తారు. తప్పులు తక్కువే, కానీ అవతలి డిఫెన్స్‌కి ఆలోచించాల్సిన పనే ఉండదు. వెనకబడినవాడికి పోయేదేం లేదు కాబట్టి వాడు అన్నీ ప్రయత్నిస్తాడు, ఎనిమిది ఫెయిలవుతాయి, తొమ్మిదోది మోర్గన్ విదిలింపు అవుతుంది. సైరన్ వేళకి మావాళ్ళు ఎన్ని ట్యాకిల్స్ చేసి ఉంటారో ఊహించుకోండి. థర్స్టన్‌ని అంతమంది అందుకోలేకపోయారంటే అది చేతకానితనం కాదు, అలసట. ఆ అలసట చివరి నిమిషంలో పుట్టింది కాదు.

ఇది 2015కే పరిమితం అయితే నా వాదన గాలిలో దీపమే. కానీ 2023 ఉంది.

అక్టోబర్ 1, అదే స్టేడియం, ఈసారి పెన్రిత్ పాంథర్స్, వరసగా రెండు కప్పులు గెలిచి మూడోదానికొచ్చినవాళ్ళు. హాఫ్ టైంకి 8-6తో వాళ్ళే ముందు. రెండో సగం మొదలవగానే మా ఎజ్రా మామ్ అనే కుర్రాడు పది నిమిషాల్లోపు మూడు ట్రైలు కొట్టేశాడు. గ్రాండ్ ఫైనల్లో హ్యాట్రిక్! 24-8. మా ఇంట్లో ఒకాయన స్వీట్ బాక్స్ తెరిచేశాడు, నేను వద్దన్నా వినలేదు. ఆ తర్వాత పాతిక నిమిషాలు మాకు ఒక్క పాయింటు లేదు. సున్నా. వాళ్ళకేమో మూడు ట్రైలు: లియోటా, క్రైటన్, చివర్లో నేథన్ క్లీరీ స్వయంగా. 26-24. క్లీరీతో కలిసి ఆట నడిపించే లువై దెబ్బ తగిలి వెళ్ళిపోయాక క్లీరీ దాదాపు ఒక్కడే నడిపించాడు ఆ ఆఖరి భాగమంతా, నా కళ్ళతో నేను చూసిన అతి గొప్ప ఇరవై నిమిషాలవి, ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

ఇక్కడ తమాషా చూడండి. ఆ మ్యాచ్‌లో ట్రైలు చెరి నాలుగు. కన్వర్షన్లు చెరి నాలుగు, అటూ ఇటూ ఒక్కటీ తప్పలేదు. తేడా ఎక్కడంటే మొదటి సగంలో క్లీరీ తన్నిన ఒక్క పెనాల్టీ గోల్. 2015లో మేం రెండు పెనాల్టీ గోల్స్ కొట్టి ఓడాం, 2023లో వాళ్ళు ఒక్కటి కొట్టి గెలిచారు. "రెండు పాయింట్లు తీసుకోవాలా, ట్రైకి వెళ్ళాలా" అని పబ్బుల్లో కొట్టుకునేవాళ్ళకి ఈ రెండు మ్యాచ్‌లూ ఏ పక్షానికీ సాక్ష్యం చెప్పవు.

కానీ నాకు ఆసక్తిగా అనిపించింది జనం తీరు. 2023లో బాల్ జారవిడిచిన హంట్ ఒకడు దొరకలేదు. ఒక్కడి పేరు పెట్టడానికి వీల్లేకపోయింది, దాంతో టీము మొత్తానికీ "ఫైనల్లో వణికిపోయారు" అని ముద్ర వేశారు. నిజానికి రెండుసార్లూ జరిగింది ఒకటే, ముందుకెళ్ళాక స్కోరు చేయడం ఆగిపోయింది. ఒకసారి దానికి మొహం దొరికింది, ఇంకోసారి దొరకలేదు, అంతే తేడా. (ఆ ఏడాది నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఇండియా ఓడిపోయింది, ఏడు వారాల్లో రెండు ఫైనల్స్, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆస్ట్రేలియాలో ఉంటూ ఇండియా జెర్సీ వేసుకుని మర్నాడు ఆఫీసుకెళ్ళడం ఎలా ఉంటుందో అది ఇంకో పోస్టు.)

మధ్యలో ఆడమ్ రేనాల్డ్స్ గురించి చెప్పకపోతే పాపం. 2021లో అతను సౌత్ సిడ్నీకి ఆడుతున్నాడు, కోచ్ మళ్ళీ మన బెన్నెట్టే, ఫైనల్ మా బ్రిస్బేన్‌లోనే సన్‌కార్ప్ స్టేడియంలో జరిగింది. చివర్లో సమం చేసే కన్వర్షన్ టచ్‌లైన్ పక్కనుంచి తన్నితే పక్కకి పోయింది, 14-12తో పెన్రిత్ గెలిచింది. తర్వాత ఏడాది మా దగ్గరికొచ్చి కెప్టెనయ్యాడు, 2023లో నాలుగుకి నాలుగూ తన్నాడు, మళ్ళీ రెండే పాయింట్ల తేడాతో అదే పెన్రిత్ చేతిలో ఓడాడు. తన్నలేకపోయినా రెండే, అన్నీ తన్నినా రెండే. ఏమనాలి?

హంట్ సంగతికొద్దాం. 2015 తర్వాత అతను ఏ చిన్న పొరపాటు చేసినా ఆ ఫైనల్ తీసేవాళ్ళు, సొంత గ్రౌండ్‌లో సొంత జనమే. 2018లో సెయింట్ జార్జ్ ఇల్లవారా అనే ఇంకో క్లబ్బుకి వెళ్ళిపోయాడు. 2022 జులైలో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (ఏటా క్వీన్స్‌లాండ్‌కీ న్యూ సౌత్ వేల్స్‌కీ మధ్య జరిగే సిరీస్) ఆఖరి మ్యాచ్, సన్‌కార్ప్‌లో, చివరి నిమిషాల్లో న్యూ సౌత్ వేల్స్ క్లీరీ తన్నిన బాల్‌ని గాల్లోనే అందుకుని గ్రౌండ్ పొడవునా పరిగెత్తి ట్రై వేశాడు, క్వీన్స్‌లాండ్ 22-12తో సిరీస్ గెలిచింది. 2025లో మళ్ళీ బ్రాంకోస్‌కొచ్చాడు. కాన్‌బెర్రాతో ఫైనల్స్ మ్యాచ్, 28-28, మారిన రూలు ప్రకారం పది నిమిషాలూ పూర్తిగా ఆడినా తేలలేదు, గోల్డెన్ పాయింట్‌కెళ్ళింది, ఫీల్డ్ గోల్ కొట్టి గెలిపించింది ఎవరనుకున్నారు? హంటే. అక్టోబర్ 5న గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ స్టార్మ్ మీద 26-22, కప్పు వచ్చింది, అతనూ ఆ టీములో ఉన్నాడు, కెప్టెన్ రేనాల్డ్స్.

వెంటనే అందరూ "హంట్ పాపం కడిగేసుకున్నాడు" అని రాయడం మొదలెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడుక్కోడానికి పాపం చేసుండాలి కదా. పదేళ్ళు అతని మీద మోపిన తప్పుని ఇప్పుడు క్షమించేశాం అని మనమే బిరుదిచ్చుకుంటున్నాం. 2025లో అతను గెలవకపోయినా, ఆ కాన్‌బెర్రా బాల్ పోల్‌కి తగిలి బయటికొచ్చినా, 2015 రెండో సగంలో మావాళ్ళ రెండు పాయింట్లు రెండుగానే ఉండేవి.

ఇదంతా మా బావకి చెప్పా. మా మేనత్త కొడుకు, మెల్‌బోర్న్‌లో ఉంటాడు, స్టార్మ్ మనిషి. ఫైనల్ అయిన మర్నాడు మాకు సోమవారం సెలవు, వాడికి లేదు, అయినా పొద్దున్నే ఫోన్ చేసి "ఒరేయ్, ఆ చివర్లో మీ రీస్ వాల్ష్ గాడు అడ్డం పడకపోతే కప్పు మాదేరా" అన్నాడు. హాఫ్ టైంకి మీ స్కోరెంత బావా అన్నా. 22-12, మేమే ముందున్నాం అన్నాడు. మ్యాచ్ అయ్యాక ఎంత అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. "22" అన్నాడు. మరి నలభై నిమిషాలు ఏం చేశార్రా అంటే, రిఫరీ గురించి మొదలుపెట్టాడు.